అరవై ఎమ్మెల్ పురాణం

బెంగళూరులో మందు తాగేవాళ్ల ప్రాథమిక హక్కు ఒకటి కళ్లముందే మాయమవుతుంటే పట్టించుకునే నాథుడు లేడు. ట్రాఫిక్ మీద, నీళ్ల ట్యాంకర్ల మీద, ఆటో మీటర్ల మీద రాసేవాళ్లు వేలల్లో ఉన్నారు. దీని మీద రాయడానికి నేనొక్కడినే మిగిలాను కాబట్టి బాధ్యతగా రాస్తున్నాను. ఆ హక్కు ఏమిటంటే, రెండో పెగ్గు తర్వాత మనం మాట్లాడుతుంటే పోసేవాడు వినడం.

పాతికేళ్ల కిందట హిందూపురం నుంచి ఈ ఊరికొచ్చిన కొత్తలో మెజెస్టిక్ దగ్గర ఒక బారుకు పోయేవాణ్ణి. ఎర్ర బల్బు కింద ఒక పెద్దాయన పోసేవాడు. ఆయనది కన్నడం, నాది తెలుగు. మేనేజరు తిట్టాడన్నా, ఇంటి ఓనరు అడ్వాన్సు తిరిగివ్వడం లేదన్నా, ఊళ్లో బోరు ఎండిపోయిందన్నా గ్లాసు తుడుస్తూ ఒకే మాట అనేవాడు: ‘హౌదా’. అలాగా అని. ఆ ఒక్క మాటకు సగం బరువు దిగిపోయేది. మంచింగ్‌కు వేయించిన చెనిక్కాయలు ఉచితం. ‘హౌదా’ కూడా ఉచితమే.

ఇప్పుడు పాత్రలు తారుమారయ్యాయి. పోసేవాళ్లు చెప్తారు, తాగేవాళ్లు వింటారు. ఈమధ్య ఇందిరానగర్‌లో ఒక కొత్త బారులో వాచీ పెట్టుకుని మరీ చూశాను. గ్లాసు తయారవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. గ్లాసు గురించి చెప్పడానికి తొమ్మిది. సర్వీస్ ఛార్జీ బలవంతంగా వసూలు చేయకూడదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు చెప్పింది గానీ, కథ బలవంతంగా వినిపించకూడదని ఏ కోర్టూ చెప్పలేదు.

ఆ నాలుగు నిమిషాలూ చూడవలసినవే. గడ్డం కుర్రాడు, తోలు ఏప్రన్. ముందుగా అద్దంలాంటి ఐసు దిమ్మె దించాడు. మన ఇళ్లలో ఐసు మధ్యలో తెల్లగా మబ్బు పట్టినట్టుంటుంది కదా, అది లోపల చిక్కుకున్న గాలి. ఒకవైపు నుంచే నిదానంగా గడ్డకట్టిస్తే ఆ గాలి, మలినాలు అన్నీ చివరికి చేరతాయి. ఆ చివర కోసి పారేస్తారు. (2024 ఎండాకాలంలో బకెట్టు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డవాణ్ణి కాబట్టి ఆ పారేసే ముక్క వైపే నా చూపు పోయింది.) తర్వాత చిన్న పట్టకారుతో డబ్బాలోంచి ఒక కరివేపాకు తీశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. నచ్చలేదు. రెండోదీ నచ్చలేదు. మూడోదాన్ని అరచేతిలో పెట్టుకుని రెండో చేత్తో ఫట్మని కొట్టాడు, వాసన రావడానికట. దాన్ని ఐసు మీద ఆనించి, ఒక అడుగు వెనక్కి వేసి, తల ఒంచి చూశాడు. మా పెళ్లిలో పురోహితుడు అరుంధతీ నక్షత్రాన్ని కూడా అంత శ్రద్ధగా చూపించలేదు.

ఇక పురాణం మొదలైంది. “సార్, ఈ డ్రింకు మా అమ్మమ్మ వంటింటికి నివాళి.” ఏ ఊరు నాయనా అమ్మమ్మది అంటే గురుగ్రామ్ అన్నాడు. రమ్ములో కరిగిన నెయ్యి కలిపి, కొన్ని గంటలు ఉంచి, ఫ్రీజర్లో పెడతారు. నెయ్యి పైన గట్టిపడితే తీసేస్తారు. రుచి, వాసన రమ్ములో ఉండిపోతాయి. ఇంకో గ్లాసుకు మందులో పాలు కలిపి విరగ్గొడతారు. ఆ విరుగు వగరును, రంగును పట్టుకుపోతుంది, వడకడితే నీళ్లలా తేటగా దిగుతుంది. ఇంగ్లండులో మూడు వందల ఏళ్ల కిందటే చేసిన పనే ఇది. ఇదంతా ఫోన్లో మా అమ్మకు చెప్పాను. అరవై ఎమ్మెల్ ఎనిమిది వందల యాభై అంటే పలకలేదు. “మళ్ల ఆ నెయ్యి ఏం జేస్తార్రా?” అని మాత్రం మూడుసార్లు అడిగింది.

చరిత్ర తెలియక మాట్లాడుతున్నాననుకునేరు. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్ అనే ఊరి పత్రిక ఒకటి కాక్‌టెయిల్ అంటే ఏమిటో పాఠకుడికి వివరించింది: ఏదో ఒక మందు, చక్కెర, నీళ్లు, చేదు. అంటే ఉగాది పచ్చడిలో మూడో వంతు, పైన మందు. అంతకుముందు నూటడెబ్బై ఏళ్ల కిందటే ఈస్టిండియా కంపెనీ వాళ్లు మన దేశంలో పంచ్ తాగుతున్నారు. సారా, నిమ్మ, చక్కెర, మసాలా, నీళ్లు, మొత్తం అయిదు కాబట్టి ఆ పేరు మన ‘పంచ’ నుంచే పోయిందని చాలామంది అంటారు. వాళ్లెవరూ పోస్తూ అమ్మమ్మను తలుచుకున్న దాఖలా నాకు కనబడలేదు.

ఇంత మాట్లాడుతున్న నా ఇంట్లోనే ఒక బార్‌టెండర్ ఉంది. మా మేనకోడలు. మదనపల్లె పిల్ల, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి ఇక్కడే ఒక బారులో చేస్తోంది. మొన్న పెళ్లివారొచ్చి అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే, మా అక్క తడుముకోకుండా “బెవరేజ్ ప్రోగ్రామ్ చూస్తుంది” అంది. బెంగళూరులో ప్రోగ్రామ్ అన్న మాట పడితే ఇంకేముంది, పెళ్లికొడుకు తండ్రి ముందుకు జరిగాడు. “జావాలోనా, పైథాన్‌లోనా?” పిల్ల నిజాయతీపరురాలు. “ఎక్కువగా జిన్‌లో” అంది. ఆయన అదేదో కొత్తదని రాసుకుపోయాడు.

ఢిల్లీలో అమలైన 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం, ఆడవాళ్లు, పాతికేళ్లు నిండని మగవాళ్లు మందు పోసే చోట కొలువుకు పనికిరారంది. అది చెల్లదని 2007లో సుప్రీంకోర్టు తేల్చేసింది. మా ఇంటి ధర్మాసనం తీర్పు మాత్రం ఇంకా రిజర్వులోనే ఉంది.

పిల్ల చేతులు చూస్తే వెటకారం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. నిమ్మ పులుపుకు వేళ్ల చివర్లు తెల్లబడి పగిలుంటాయి. షేకర్ ఊపి ఊపి కుడి మణికట్టుకు పట్టీ. మధ్యాహ్నం మూడుకు పోయి పిండడం, వడకట్టడం, సీసాలకు చీటీలంటించడం మొదలుపెడితే ఇల్లు చేరేసరికి పాలవాడు ఎదురొస్తాడు. చెప్పే కథల్లో ఒక్కటైనా నిజముందా పాపా అన్నాను. ఉందంది. చిత్తూరు జిల్లాలో డెస్మండ్ నజరెత్ అనే ఆయన దక్కను కిత్తనార నుంచి మందు తీశాడు. మెక్సికో వాళ్ల టెకీలా తీసేదీ ఆ జాతి మొక్క నుంచే, కాకపోతే ఆ పేరు వాళ్ల సొత్తు, మనం పెట్టుకోకూడదు. గొడ్లు చేలో పడకుండా మా బావ గట్టున నాటింది అదే కిత్తనార. దాని ముల్లు గుచ్చుకున్న మచ్చ ఈ పిల్ల మోకాలి మీద ఇప్పటికీ ఉంది.

“అసలు కథ చెప్పకుంటే ఏమవుతుంది పాపా?”

“అరవై ఎమ్మెలే కదా అని లెక్కేస్తారు మామా.”

ఇక తలుపుల సంగతి. అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉంటే, వాళ్లు దొంగచాటుగా తాగిన బార్ల నకళ్లు ఇప్పుడు మన ఊళ్లో వెలుస్తున్నాయి. బయట బోర్డుండదు, పుస్తకాల అర నెడితే తెరుచుకుంటుంది. లీలా ప్యాలెస్‌లోని జెడ్‌ఎల్‌బీ23 ఆ కాలపు పద్ధతిలో నడిచేదే, ఆసియా మేటి 50 బార్ల జాబితాకూ ఎక్కింది. సంతోషం. కానీ నిషేధం మనకు లేదా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, మరుసటేడు సారా పోయింది, 1995 జనవరిలో మొత్తం మందే పోయింది, 1997లో తిరిగొచ్చింది. అరువు తెచ్చుకోవాల్సిన ఖర్మేమిటని మా మేనకోడలి బారులోనే, ఆమె ఎదురుగానే కూర్చుని నిలదీశాను. నిలదీసి మా పెదనాన్న సంగతి చెప్పాను.

ఆ రెండేళ్లూ ఆయన హిందూపురంలో ప్యాసింజరెక్కి సరిహద్దు దాటి గౌరీబిదనూరులో దిగేవాడు. ఇంట్లో చెప్పేది, అక్కడ చుట్టాలెవరో పోయారు, పెద్దకర్మకు పోవాలి అని. అలా ఆ ఊళ్లో మావాళ్లు పద్నాలుగు మంది పోయారు. ఆ ఊళ్లో మాకు చుట్టాలే లేరు. చావింటి నుంచి వచ్చాడు కాబట్టి పెద్దమ్మ ప్రతిసారీ వాకిట్లోనే వేణ్ణీళ్లు పెట్టి తలస్నానం చేయించేది. ఆమెకు తెలుసో లేదో ఎవరికీ తెలియదు. ఒక్కసారి మాత్రం తువ్వాలందిస్తూ, “వచ్చే వారం పండగుంది, ఎవుర్నీ చంపొద్దు” అనిందట.

పిల్ల గ్లాసు తుడుస్తూ మొత్తం వింది. మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. నా హక్కు నాకు తిరిగొచ్చిందని పొంగిపోయి రెండో పెగ్గు కూడా చెప్పాను.

పోయిన వారం మళ్లీ వెళ్లాను. పిల్లకు సెలవు. మెనూ మారింది. మూడో పేజీలో ‘గౌరీబిదనూరు పెద్దకర్మ’, తొమ్మిది వందల పాతిక. ఆ నెయ్యి పద్ధతిలోనే చెనిక్కాయల నూనెతో కడిగిన రమ్ము, పక్కన పాతకాలపు రైలు టికెట్టులాంటి అట్టముక్క, వేణ్ణీళ్లలో ముంచిన చిన్న తువ్వాలు. అదే తెమ్మన్నాను. గడ్డం ఉన్న ఇంకో కుర్రాడు వచ్చాడు, పట్టకారుతో ఒక దర్భపోచ ఐసు మీద ఆనించాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

“సార్, 1995లో మా తాతగారు...”

నేను చెనిక్కాయలు నములుతూ తొమ్మిది నిమిషాలూ విన్నాను. పద్నాలుగు చావులు ఇరవై ఒకటయ్యాయి. పెద్దమ్మ మాట మాత్రం పొల్లుపోకుండా వచ్చింది. అంతా అయ్యాక అతను నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు, ఏదో ఒకటి అనాలన్నట్టు.

“హౌదా,” అన్నాను.