అక్కని వదులుకోమన్నది కెనడా కాదు

మొన్న మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక కజిన్‌కి కెనడా సిటిజన్‌షిప్ వచ్చిందని ఒకటే చప్పట్లు, కేకు బొమ్మలు, కంగ్రాట్స్ మీద కంగ్రాట్స్. పది నిమిషాలు కాలేదు, ఒక పెద్దాయన "కన్నతల్లిని డాలర్లకి అమ్ముకున్నారు" అని పెట్టాడు. రెండు బ్యాచ్‌లకీ అక్కడే జవాబిద్దామని టైప్ చేసి, గొడవెందుకులే అని డిలీట్ చేశా. ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్ట్, ఓపిక ఉన్నోళ్ళే చదవండి.

మాది తాడిపత్రి దగ్గర పల్లె. బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్ళు, ఉండేది రామ్మూర్తి నగర్. అక్కా బావా 2018 జూన్‌లో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద కెనడా పోయారు, బ్రాంప్టన్‌లో ఉంటారు. అక్కడ సిటిజన్‌షిప్ అంటే ముందు రోజుల లెక్క. అప్లై చేసే నాటికి వెనకటి అయిదేళ్ళలో 1,095 రోజులు ఆ దేశంలో ఉండాలి. అక్క ఎక్సెల్ షీట్ పెట్టుకుని ఏ రోజు దాటింది ఏ రోజు వచ్చింది రాసుకునేది, నేను నవ్వేవాణ్ణి, మా ఆఫీసు టైమ్‌షీట్ కంటే అన్యాయంగా ఉందే అని.

2020 ఫిబ్రవరిలో నాయనకి పక్షవాతం వచ్చింది. అక్క ఒక్క సూట్‌కేసుతో వచ్చేసింది, నెల రోజులుండి పోదామని. మార్చిలో లాక్‌డౌన్, ఫ్లైట్లు బంద్, పోయేసరికి సెప్టెంబర్. ఏడు నెలలు ఆమె షీట్‌లో సున్నా. అంతటితో అయిందా, 183 రోజులో అంతకు మించో వరసగా ఇంకో దేశంలో ఉంటే ఆ దేశం నుంచి పోలీస్ సర్టిఫికెట్ తేవాలంట. నాయనకి అన్నం తినిపించిన రోజులకి క్రిమినల్ రికార్డ్ లేదని సర్టిఫికెట్! పాస్‌పోర్ట్‌లో అడ్రస్ మా ఇల్లే కాబట్టి వెరిఫికేషన్‌కి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. "అక్క ఎల్లిద్దారె?" "కెనడాలో సార్." "మత్తె ఇల్లి యాకె వెరిఫికేషన్?" మరి ఇక్కడెందుకు వెరిఫికేషన్ అని కన్నడంలో నన్నడిగితే నేనేం చెప్పను, కాఫీ ఇచ్చి పంపించా. అమ్మ మాత్రం ఒకటే కంగారు, పోలీసోళ్ళు ఇంటికొచ్చారు పక్కింటోళ్ళు ఏమనుకుంటారో అని.

2022 ఫిబ్రవరిలో అప్లికేషన్ వేసింది. తర్వాత టెస్ట్, 20 ప్రశ్నలు, 15 రైట్ కావాలి. నలభై దాటిన మనిషి పిల్లల్ని నిద్రపుచ్చి 1867లో ఏమైంది, మొదటి ప్రధాని ఎవరు అని బట్టీ పట్టింది. 2023 ఆగస్టులో జూమ్ మీద ప్రమాణం. అప్పుడు ఒక సంగతి చూసి నాకు ఒళ్ళు జలదరించింది, ఆఫీసరు చెప్పగానే అందరూ కత్తెర తీసి తమ పీఆర్ కార్డుని కెమెరా ముందు కత్తిరించాలి. ఇంత కష్టపడి సంపాదించిన కార్డు, కసక్.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. కెనడా వాళ్ళు రోజులడిగారు, ఫీజడిగారు, రాజుగారికి విధేయంగా ఉంటానని చెప్పమన్నారు. నీ పాత దేశాన్ని వదిలెయ్ అని మాత్రం ఎక్కడా అడగలేదు, 1977 నుంచీ వాళ్ళకి రెండు పౌరసత్వాలున్నా అభ్యంతరం లేదు. వదిలెయ్ అన్నది మనం. రాజ్యాంగం ఆర్టికల్ 9, ఆ తర్వాత 1955 చట్టం. ఇంకో దేశం పౌరసత్వం ఇష్టపూర్వకంగా తీసుకున్న క్షణాన ఇక్కడిది పోతుంది, నువ్వు సంతకం పెట్టేదాకా కూడా ఆగదు. 2022 ఒక్క ఏడాదిలో 2,25,620 మంది ఇట్లా వదులుకున్నారని పార్లమెంటులోనే చెప్పారు. వాళ్ళందరూ అమ్మని అమ్ముకున్నోళ్ళేనా పెద్దాయనా?

2003లో మొదటి ప్రవాసీ భారతీయ దివస్‌లో వాజ్‌పేయి గారు డ్యూయల్ సిటిజన్‌షిప్ ఇస్తామన్నారు. చివరికి చేతికొచ్చింది ఓసీఐ కార్డు, అంటే ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా, వీసా లేకుండా వచ్చిపోయే కార్డు. మొదటి కార్డులిచ్చింది కూడా మన హైదరాబాద్‌లోనే, 2006లో. పేరులో సిటిజన్ ఉంటుంది, ఓటు ఉండదు, గవర్నమెంటు ఉద్యోగం ఉండదు, సెంటు పొలం కొనడానికుండదు. పేరు గొప్ప ఊరు దిబ్బ. మా చిన్నాయనైతే ఇదే సందని "ఫారిన్ మనిషి అయిపాయె కదా, చీనీ తోటలో దానికి భాగం చెల్లదు, సంతకం పెట్టించు" అని మొదలుపెట్టాడు. కొనకూడదు గానీ వారసత్వంగా వచ్చేదానికి అడ్డేం లేదు చిన్నాయనా, కనుక్కునే చెప్తున్నా.

రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఎట్లా అంటారు. దేశ భద్రత, గూఢచారులు, ఎన్నికలు, ఆ వాదన నాకూ అర్థమవుతుంది, సరే ఓటు ఇవ్వొద్దు, పోటీ చెయ్యనివ్వొద్దు. పుట్టినూరికి రావడానికి వీసా అడగడం ఎందుకు అనేదే నా బాధ.

ఎందుకంటే నాయన 2022లో మహాలయ అమావాస్యకి రెండు రోజుల ముందు పోయారు. అప్పుడు అక్క ఇండియన్ పాస్‌పోర్ట్ మీద మర్నాడే ఫ్లైటెక్కింది. సంవత్సరీకం తిథి ప్రకారం 2023 అక్టోబర్ రెండో వారంలో పడింది. అప్పటికి ఆగస్టు ప్రమాణం అయిపోయింది, పాత పాస్‌పోర్ట్ సరెండర్ నడుస్తోంది, ఓసీఐ ఇంకా రాలేదు. సెప్టెంబర్ 21న రెండు దేశాల గొడవలో మనవాళ్ళు కెనడా వాళ్ళకి వీసాలు ఆపేశారు. ఓసీఐ ఉన్నోళ్ళు వచ్చారు, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నోళ్ళు వచ్చారు, మా అక్క ఏదీ కాని సందులో ఇరుక్కుంది. రెండు నెలలు ముందు ప్రమాణం చేసినందుకు! బావ అయితే వాయిదా వేసుకుని ఉండాల్సింది అని ఇప్పటికీ అంటాడు.

నేను పిండాలు పెడుతుంటే ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి వీడియో కాల్ పెట్టాం. ఇక్కడ పదిన్నర, అక్కడ రాత్రి ఒంటిగంట. మధ్యలో నెట్ పోయింది, అయ్యవారు ఆగలేదు, ఆయనకి ఇంకో ఇంట్లో ఉంది మరి.

అక్క సంక్రాంతికి వచ్చింది, వీసా మీద. క్యాన్సిల్డ్ అని ముద్ర కొట్టిన పాత పాస్‌పోర్ట్ వెంట తెచ్చింది, అమ్మ దాన్ని తీసి బీరువాలో పొలం పాస్‌బుక్కు కింద పెట్టింది. ఎందుకమ్మా అంటే ఉండనీలే అంది.

2024 ఎలక్షన్లకి ముందు చూస్తే ఓటర్ లిస్టులో నాయన పేరూ ఉంది, అక్క పేరూ ఉంది. తీసేయించాలంటే ఫారం 7. రెండు ఫారాలు పక్కపక్కన పెట్టుకుని నింపా. కారణం దగ్గర ఒకదాంట్లో మరణం అనే గడిలో టిక్ పెట్టా, రెండోదాంట్లో భారత పౌరులు కాదు అనే గడిలో. అమ్మ వచ్చి భుజం మీదుగా చూసింది. నాయనది ఒక్కటే ఇవ్వు, దానిది ఇంకోసారి ఇద్దువులే అంది.