గడువు దాటాక తెలిసే పథకాలు

తొలకరి పడే వేళకు నల్గొండ, మహబూబ్‌నగర్, వికారాబాద్, మెదక్ పల్లెల నుంచి వేలమంది పిల్లలు సీటు కేటాయింపు పత్రం పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కుతారు. తమ ఇంట్లో డిగ్రీ గడప తొక్కుతున్న మొదటి మనుషులు వారిలో చాలామంది. వారి కోసం పెట్టిన పథకాలకు కాగితం మీద కొదవ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, కేంద్ర ఉపకారవేతనాలున్నాయి, వేసవి పరిశోధన ఫెలోషిప్‌లున్నాయి. అయినా చివరి ఏడాది విద్యార్థులను కదిపితే తరచూ వినిపించే మాట ఒక్కటే: అలాంటిదొకటి ఉందని తెలిసేసరికి గడువు దాటిపోయింది. దీన్ని పిల్లల అశ్రద్ధ అని కొట్టిపారేయడం అన్యాయం. చదువుకున్న కుటుంబాల్లో ఈ కబుర్లు అన్నో అక్కో మేనమామో మోసుకొస్తారు. అలాంటి దిక్కు లేని ఇంటి పిల్లలకు ఆ పెద్దన్న పని విశ్వవిద్యాలయమే చేయాలి. మన ఉన్నత విద్యలో ఇప్పుడు కనిపిస్తున్న పెద్ద లోటు ఇదేనని ఈ పత్రిక భావిస్తోంది.

ముందుగా డబ్బు సంగతి. తెలంగాణలో పదో తరగతి తర్వాతి చదువులకిచ్చే పోస్ట్‌మెట్రిక్ ఉపకారవేతనం, బోధన రుసుము (ఫీజు రీయింబర్స్‌మెంట్) రెండూ ప్రభుత్వ ఈపాస్ పోర్టల్ దారినే నడుస్తాయి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు వార్షికాదాయ పరిమితి 2 లక్షల రూపాయలు. బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన), మైనారిటీ కుటుంబాలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో 10 వేల లోపు ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. ఆపై ర్యాంకుల వారికి 35 వేల వరకే. కళాశాల ఫీజు లక్ష దాటితే మిగతాది ఎవరు కట్టాలన్నది చాలా కుటుంబాలకు రెండో ఏడాది ఫీజు చీటీ చేతికొచ్చాక గానీ అర్థం కాదు. ఆ లెక్క అడ్మిషన్ రోజునే, తల్లిదండ్రుల ఎదుట కాగితం మీద వేసి చూపించడం కళాశాల కనీస ధర్మం.

దరఖాస్తు నింపి పంపడంతో పని అయిపోదు. ప్రింటు తీసి, మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, పాస్‌బుక్ నకళ్లు జతచేసి కళాశాలలో ఇవ్వాలి. మీసేవలో వేలిముద్ర వేయాలి. కళాశాల తన లాగిన్‌లో పరిశీలించి సంక్షేమ శాఖ అధికారికి పంపాలి. ఈ మెట్లలో ఏది తప్పినా రూపాయి కదలదు. ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు చివర ఒక పొడి అక్షరంగా మిగులుతుంది. కంప్యూటర్‌కు ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులు. ఇలాంటప్పుడు మెమో జోలికి పోకుండా ఆధార్‌నే మెమోకు తగ్గట్టు సరిచేయించుకోవడం మేలు. మెమో దిద్దాలంటే చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా బోర్డు దాకా వెళ్లాలి. ఆధార్‌లోనైనా పేరు మార్పుకు జీవితకాలంలో రెండే అవకాశాలు. కాబట్టి ఒక్కో అక్షరం మెమోతో సరిపోల్చుకుని మరీ మార్పించుకోవాలి.

ఆ తర్వాతి చిక్కు బ్యాంకుది. బడిలో ఉండగా తెరిచిన మైనర్ ఖాతా 18 ఏళ్లు నిండాక కొత్త సంతకం, కొత్త కేవైసీ ఇచ్చేదాకా సరిగా పనిచేయదు. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రాణమవుతుంది. హైదరాబాద్ వచ్చి మరో బ్యాంకులో కొత్త ఖాతా తెరిచినవారికి ఇంకో తిరకాసు. నేరుగా ఖాతాలో పడే ప్రభుత్వ సొమ్ము, ఆధార్ చివరిసారిగా ఏ ఖాతాకు అనుసంధానమైందో అక్కడికే పోతుంది, దరఖాస్తులో రాసిన నంబరుకు కాదు. బ్యాంకులో ఆధార్ నకలు ఇచ్చినంత మాత్రాన ఆ అనుసంధానం జరిగినట్టు కాదు. నగదు బదిలీకి సమ్మతి తెలుపుతూ విడిగా ఫారం ఇవ్వాలి. జరిగిందో లేదో ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఈ రెండు నిమిషాల పని తెలియక ఏడాదంతా కళాశాలకూ బ్యాంకుకూ సంక్షేమ కార్యాలయానికీ కాళ్లరిగేలా తిరుగుతున్న పిల్లలున్నారు.

అన్నీ సరిగ్గా చేసినవారికీ భరోసా లేకపోవడం మరింత బాధాకరం. ప్రభుత్వం విడుదల చేయాల్సిన ఫీజు బకాయిలు పేరుకుపోతే ఆ భారం పిల్లల మీద పడుతోంది. కోర్సు పూర్తయినా ఫీజు కడితేనే టీసీ, మెమోలు ఇస్తామని కొన్ని యాజమాన్యాలు పట్టుబడుతున్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే స్పష్టంగా చెప్పింది. బకాయి ప్రభుత్వానిదైనప్పుడు దాన్ని విద్యార్థి దగ్గర వసూలు చేయాలనుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. అలాగని యాజమాన్యాల మీదే నెపం నెట్టేసి సర్కారు తప్పించుకోలేదు. జీతాలివ్వలేని కళాశాలలో చదువు ఎలా సాగుతుంది? బకాయిల విడుదలకు మూడు నెలలకోసారి తేదీ ఖరారు చేసి, దాన్ని ముందే ప్రకటించాలి.

కేంద్ర పథకాల గురించి విద్యార్థులకు తెలిసేది మరీ తక్కువ. ఇంటర్‌లో బోర్డు మొత్తమ్మీద తొలి 1 శాతంలో నిలిచి, బీఎస్సీలో మౌలిక విజ్ఞానశాస్త్రాలు చదివేవారికి కేంద్ర సైన్స్ ఉపకారవేతన పథకం ఇన్‌స్పైర్ కింద ఏడాదికి 80 వేల రూపాయలు వస్తాయి. అందులో 60 వేలు నేరుగా, 20 వేలు వేసవి పరిశోధనకు. సాంకేతిక కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) ప్రగతి పథకం ఏడాదికి 50 వేలు ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షలకు మించకూడదు, ఇంటికి ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు. ఇంటర్ మార్కులతో వచ్చే కేంద్ర ఉపకారవేతనం డిగ్రీలో ఏడాదికి 12 వేలు. అయితే రాష్ట్ర రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారు దీనికి అర్హులు కారు. ఏది ఎక్కువ లాభమో లెక్క చూసి చెప్పే మనిషి అవసరమయ్యేది ఇక్కడే. అన్నిటికీ పెట్టేస్తే ఏదో ఒకటి రాకపోదని పెట్టిన దరఖాస్తులన్నీ తిరస్కరణకు గురయ్యే ప్రమాదముంది.

డబ్బు చేతికందినా చదువు సాగాలంటే మొదటి సెమిస్టర్ గట్టెక్కాలి. అసలు పరీక్ష అదే. తెలుగు మాధ్యమంలో ఇంటర్ దాకా చదివిన విద్యార్థికి ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పాఠాలు మొదలవుతాయి. అతనికి ఘర్షణ అంటే తెలుసు, జడత్వం అంటే తెలుసు. పరీక్ష హాల్లో ఇంగ్లిష్ ప్రశ్న చదివి, అడిగింది అదేనని పోల్చుకోలేకపోతున్నాడంతే. హైదరాబాద్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం జేఎన్‌టీయూహెచ్ ప్రస్తుత నిబంధనల్లో 100 మార్కులకు 40 అంతర్గత మదింపువి, 60 సెమిస్టర్ పరీక్షవి. హాజరు 75 శాతం ఉండాలి. 65కూ 75కూ మధ్య ఉంటే కారణం చూపి, రుసుము కట్టి మినహాయింపు పొందాలి. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టరే పోతుంది. సెమిస్టర్ మధ్యలో జరిగే మొదటి మిడ్ పరీక్షలో మార్కులు రాని పిల్లవాడు సిగ్గుతో క్లాసు మానేస్తాడు. హాజరు పడిపోతుంది. తప్పిన సబ్జెక్టులు సప్లీలుగా, అంటే బ్యాక్‌లాగ్‌లుగా, మిగులుతాయి. రెండో ఏడాదికి అవి నాలుగవుతాయి. క్యాంపస్ నియామకాలకు వచ్చే కంపెనీలు బ్యాక్‌లాగ్‌లు ఉన్నవారిని గడప దగ్గరే ఆపేస్తాయి. నాలుగేళ్ల తర్వాత జరిగే ఈ నష్టానికి మూలం రెండో నెలలో జరిగిన మిడ్ పరీక్ష.

అందుకే మొదటి మిడ్ మార్కులు వచ్చిన వారంలోనే మెంటర్ (మార్గదర్శక అధ్యాపకుడు) ఆ జాబితా ముందేసుకుని కూర్చోవాలి. ఒక అధ్యాపకుడికి 20 మంది, పక్షానికోసారి 15 నిమిషాలు, ఒక నోటు పుస్తకం. ఇంతకు మించిన ఏర్పాటు అక్కర్లేదు. ఆ 15 నిమిషాల్లో నీతులు చెప్పకుండా పాత ప్రశ్నపత్రంలోంచి ఒక ప్రశ్న తీసి, అది తెలుగులో దేన్ని అడుగుతోందో చెప్పించి, నాలుగు వాక్యాల జవాబు ఇంగ్లిష్‌లో రాయించాలి. కొత్తవారి కోసం ఏఐసీటీఈ మూడు వారాల ప్రవేశ కార్యక్రమాన్ని నిర్దేశించింది. యూజీసీ 2019లో దీక్షారంభ్ పేరిట మార్గదర్శకాలిచ్చింది. చాలాచోట్ల అవి సన్మానాలు, శాలువాలు, ఉపన్యాసాలతో రెండు రోజుల్లో ముగుస్తున్నాయి. ఆ మూడు వారాలను భాషా వంతెనగా వాడితే ఎందరో పిల్లలు మొదటి ఏడాదిలోనే నిలదొక్కుకుంటారు. అయితే మెంటర్‌గా ఎవరుండాలి? రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రెగ్యులర్ అధ్యాపక పోస్టులు పెద్దసంఖ్యలో ఖాళీగా ఉన్నాయి. పీరియడ్‌కు ఇంత అని జీతం తీసుకునే పార్ట్‌టైమ్ అధ్యాపకుడిని, గంట కొట్టాక కూర్చుని పిల్లల గోడు వినమని ఏ ముఖంతో అడగగలం? నియామకాలు లేకుండా విద్యార్థులకు అండ గురించి మాట్లాడటం నేల విడిచి సాము చేయడమే.

అవకాశాల విషయంలో మాత్రం హైదరాబాద్ విద్యార్థి అదృష్టవంతుడు. ఉస్మానియా ప్రాంగణం చుట్టూ చూడండి. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జామై ఉస్మానియా దగ్గర జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడలో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ. పోషకాహార సంస్థ పుట్టిందీ ఉస్మానియా పుట్టిన 1918లోనే, తమిళనాడులోని కూనూరులో. 1958లో అది ఇక్కడికి తరలివచ్చింది. ఆర్ట్స్ కాలేజీ మెట్లు దిగి నడిచి వెళ్లగలిగే దూరంలో ఇన్ని జాతీయ ప్రయోగశాలలున్న విశ్వవిద్యాలయాలు దేశంలో అరుదు. కానీ పక్కింట్లో వండుతున్న వాసన తగిలినంత మాత్రాన కడుపు నిండదు. ఆ ప్రయోగశాలల్లో కాలు పెట్టకుండానే డిగ్రీలు పుచ్చుకుని వెళ్తున్న బీఎస్సీ, ఎమ్మెస్సీ విద్యార్థులు ఎంతోమంది.

వేసవిలో పరిశోధన చేయాలన్న ఆలోచన మన పిల్లలకు ఏప్రిల్‌లో వస్తుంది. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి నడిపే రెండు నెలల వేసవి ఫెలోషిప్‌కు గడువు సాధారణంగా నవంబరు నాటికే ముగుస్తుంది. దానికి కావలసినవి మార్కుల వివరాలు, ఏం చేయదలచారో చెప్పే చిన్న వ్యాసం, మనల్ని ఎరిగిన అధ్యాపకుడి సిఫారసు. దరఖాస్తులు ఎక్కువగా తేలిపోయేది వ్యాసం దగ్గర. సైన్స్ అంటే చిన్నప్పటి నుంచి ఇష్టం అని అందరూ రాస్తారు. చదివిన పాఠంలో ఏ ప్రశ్న తనను వదల్లేదో, దాని గురించి ఏం వెతికాడో రాసిన విద్యార్థి కనిపిస్తాడు. ఒక శాస్త్రవేత్తకు నేరుగా ఈమెయిల్ రాసేటప్పుడూ అదే సూత్రం. ఒకే ఉత్తరాన్ని 40 మందికి పంపితే జవాబు రాదు. ఆయన ఇటీవలి పరిశోధనపత్రం ఒకటి చదివి, అందులో తనకు అర్థమైంది రెండు వాక్యాల్లో, ఎన్ని వారాలు ఏ తేదీల్లో రాగలడో ఒక వాక్యంలో రాయాలి. ఉత్తరం పది వరసలు దాటకూడదు.

పరిశోధనపత్రాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబుంది. ఒకే దేశం ఒకే సబ్‌స్క్రిప్షన్ పథకం కింద 2025 జనవరి 1 నుంచి 13 వేలకు పైగా పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు కేంద్రం కేటాయించింది 6 వేల కోట్ల రూపాయలు. ఆ సొమ్ము ఖర్చవుతూనే ఉంటుంది, పత్రికలు విద్యార్థులు తెరిచినా తెరవకపోయినా. క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఎలా చూడాలి, హాస్టల్ గదిలోంచి ఎలా చూడాలి అన్నది గ్రంథాలయ సిబ్బంది గంటసేపు నేర్పితే చాలు. మొదటి నెలలో ప్రతి సెక్షన్‌కూ ఆ గంట కేటాయించాలి.

ఉస్మానియా 1953లో అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చి గర్వించింది. ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి ఓడ ఎక్కింది బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకారవేతనంతో. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లపాటు. ఆ మొత్తం, ఆ మూడేళ్ల గడువు ముందే ఖరారయ్యాయి. ఏ నెల డబ్బు ఏ నెల వస్తుందో తెలిసినవాడే చదువు మీద మనసు పెట్టగలడు. హాస్టల్ మెస్ బిల్లు గురించి రాత్రుళ్లు లెక్కలేసుకునే పరిశోధక విద్యార్థిని గొప్ప పరిశోధన చేయమనడం కఠినత్వం. జాతీయ అర్హత పరీక్ష (నెట్) ద్వారా పరిశోధక ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వచ్చినవారికి మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు అందుతాయి. అది రానివారికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెలకు 8 వేలైనా యూజీసీ ఇస్తోంది. ఆ 8 వేల వెసులుబాటు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఆ లోటు పూడ్చాలి.

మనసు సంగతి చివర ప్రస్తావిస్తున్నా, అది చిన్నది కాదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించింది. ఎవరో ఒక లెక్చరర్‌కు అదనపు బాధ్యతగా ఆ బోర్డు తగిలిస్తే ఫలితం ఉండదు. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి ముందు ఏ విద్యార్థీ నోరు విప్పడు. కౌన్సెలర్ గది ప్రిన్సిపాల్ గది పక్కన కాకుండా, ఎవరి కంటా పడకుండా వెళ్లగలిగే చోట ఉండాలి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ప్రతి హాస్టల్ అంతస్తులోనూ రాసి ఉండాలి.

ఈ పనుల్లో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి కళాశాలలో విద్యార్థుల సాయానికి ఒక కిటికీ, దాని వెనుక పేరుతో సహా బాధ్యుడైన ఒక ఉద్యోగి ఉండాలి. ఏ పథకానికి ఎందరు అర్హులు, ఎందరు పెట్టారు, ఎన్ని ఏ కారణంతో వెనక్కొచ్చాయన్న లెక్క నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి. వెనక్కొచ్చిన ప్రతి దరఖాస్తుకూ ఆ విద్యార్థికి ఫోన్ వెళ్లాలి. గడువుల క్యాలెండర్ తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో ఒకే కాగితం మీద అచ్చువేసి, అడ్మిషన్ రసీదుతో పాటే ఇవ్వాలి. ఉన్నత విద్యామండలి తలచుకుంటే వచ్చే అడ్మిషన్లకే ఆ కాగితం ప్రతి విద్యార్థి చేతిలో ఉంటుంది, మొదటి మిడ్‌కు ముందే.