హార్మోనియం గారి మీద ఒక ఫిర్యాదు

హార్మోనియం గారికి,

పర్లాకిమిడి నుంచి ఉత్సవ కమిటీ కార్యదర్శి రాసుకునేది. మీ వల్ల మా కమిటీ పని సాగడం లేదు.

1936 ఏప్రిల్ 1న గీత గీసి మమ్మల్ని ఒడిశాలో కలిపారు, పక్కనే ఉన్న పాతపట్నాన్ని మద్రాసుకు వదిలేశారు. పెద్దలు అంత కష్టపడి గీసిన గీత కదా, మేమూ శ్రద్ధగా కాపాడుకొస్తున్నాం. మొన్న శ్రీరామనవమి భజనలకు బ్యానర్ మీద తెలుగు పైన ఉండాలా, ఒడియా పైన ఉండాలా అని మూడు సాయంత్రాలు కూర్చున్నాం. చివరికి రెండు బ్యానర్లు, రెండు శుభలేఖలు, రెండు చందా పుస్తకాలు అని తీర్మానించాం. ఇక పానకం బిందెలు కూడా రెండు పెడదామనుకుంటుండగా, మూల కూర్చున్న తాతగారు మీ మూత తీశారు. ఎడమ చేత్తో తిత్తి ఆడిస్తూ షడ్జం పట్టారు. అంతే! అటు ఒడియావాళ్ళలో ఒకాయన జయదేవుడి అష్టపది ఎత్తుకున్నాడు. మావాడొకడు, కమిటీ అనుమతి లేకుండానే, తాళం అందుకున్నాడు. నోరు మూసుకుందామంటే ఆ పాట మాకూ వచ్చాయె. పూరీ గుడిలోనూ అదే, మా భజనల్లోనూ అదే. పోనీ ఎవరిదో తేల్చుకుందామంటే సంస్కృతమాయె.

అసలు మీదే ఊరు? పుట్టింది ఫ్రాన్సులో. స్వరాన్ని ఊపి పలికించే గమకం మీకు పలకదని 1940లో ఆలిండియా రేడియో మిమ్మల్ని గడప తొక్కనివ్వలేదు. 1971 దాకా బయటే ఉన్నారు. (ఆ వంకలో అబద్ధమేం లేదు. మెట్టుకీ మెట్టుకీ నడుమ ఉండే స్వరం మీకు ఈ జన్మలో రాదు.) అలాంటివారు ఒడిశా గంజాం జిల్లా పల్లెల్లో ఆడే ప్రహ్లాద నాటకంలో దూరి, ఒడియా మాటలకు కర్ణాటక రాగం అందిస్తూ, మృదంగం పక్కన తెల్లవార్లూ కూర్చుంటారా? ఎవరి భాషని ఒక్కసారైనా అడగరా?

ఆ రాత్రే మీ తిత్తి తీద్దామనుకున్నాను. నాకు శ్రమ లేకుండా అదే చిరిగింది.

నిన్నటిదాకా రెండు చందా పుస్తకాల్లోనూ "హార్మోనియం మాదే" అని ఉండేది. బాగుచేయించే ఖర్చు దగ్గరికొచ్చేసరికి రెండింట్లోనూ కొట్టేసి ఉంది. ఆ లెక్క తేల్చడానికి రేపు సాయంత్రం మళ్ళీ అందరం ఒకే గదిలో, ఒకే చాప మీద కూర్చోవాలి. కావాలనే చిరిగారని నా అనుమానం.

ఇట్లు
కార్యదర్శి (ఒక వర్గం)