స్పైరల్ బైండింగులో ప్రజాస్వామ్యం

గోదావరి డెల్టాలో ప్రజాస్వామ్యం ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఇకమీదట నేను తడుముకోను. మా కాలేజీ లైబ్రరీ వెనక గదిలో, రెండో బీరువాలో ఉంది. తాళం అటెండర్ దగ్గర ఉంటుంది. అటెండర్ ఎక్కడుంటాడో రాజ్యాంగంలో రాయలేదు.

'ప్రజాస్వామ్యం - అభివృద్ధి' మీద డిగ్రీ పిల్లలు రాసిన ప్రాజెక్టు రిపోర్టులన్నీ అక్కడ భద్రంగా దాచారు. నీలం అట్ట, బంగారు అక్షరాలు. దేవుడికీ అమ్మానాన్నలకీ గైడుగారికీ కృతజ్ఞతలే రెండు పేజీలు.

నా చేతికి మొదట వచ్చింది కోనసీమలో ఒక పల్లె మీద రాసింది. అక్కడ వానలు లేవట. వెయ్యి అడుగుల బోరు వేసినా చుక్క నీరు పడదట. వేరుశెనగ ఎండిపోయి రైతులు వలస పోతున్నారట. చదువుతుంటే గుండె తరుక్కుపోయింది. ఆ ఊరు నాకు తెలుసు మరి. ఇంటికి పునాది తవ్వితే మూడడుగులకే నీరు ఊరుతుంది. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి అక్కడ నీళ్లు ఎక్కువై ఏడ్చినవాళ్లే ఎక్కువ. 2011లో కోనసీమ రైతులు గిట్టుబాటు లేదని, మురుగుకాలువలు పూడి చేలు మునుగుతున్నాయని ఖరీఫ్ నాట్లే మానేసి పంట విరామం ప్రకటించారు. రిపోర్టులో ఆ ముక్క లేదు. అనంతపురం కరువును మాత్రం ఎవరో ఇంత దూరం మోసుకొచ్చి, ఊరి పేరు మార్చారు. 47వ పేజీలో మార్చడం మరిచిపోయారు. అక్కడ సర్పంచిగారు ఇంకా రాయలసీమలోనే ఉన్నారు. పక్కన ఎర్ర సిరాతో 'గుడ్'.

రెండోది మహిళా సాధికారత. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిందనీ, ఆడవాళ్లకు మూడో వంతన్న రిజర్వేషన్ మన రాష్ట్రంలో సగమైందనీ తప్పుల్లేకుండా రాశారు. చివర్లో మహిళా సర్పంచి ఇంటర్వ్యూ. జవాబులన్నీ భర్తగారివే. 'మీరు సొంతంగా నిర్ణయాలు తీసుకుంటారా?' అన్న ప్రశ్నకు, 'ఆవిడ సొంతంగానే తీసుకుంటారండీ, ఏం తీసుకోవాలో నేను చెప్తానంతే' అన్నారాయన. ఫొటోలో కుర్చీ ఆయనది, టీ గ్లాసుల పళ్లెం సర్పంచిగారిది. కింద నిర్ధారణ: 'సాధికారత సాధించబడినది.'

వీటిని కాపీ అంటే నేనొప్పుకోను. క్లాసు ఫస్టు కుర్రాడికీ, మూడేళ్లుగా బ్యాక్‌లాగ్ మోస్తున్నవాడికీ ఒకే పేరాలు, ఒకే అచ్చుతప్పులు. ఇంతకు మించిన సమానత్వం ఏ పంచాయతీలో చూశారు?

నాకూ ఒక ప్రతి కావాలనిపించింది. బీరువాలోది బయటికి ఇవ్వరు, రూల్సు ఒప్పుకోవు. 'బస్టాండు ఎదురుగా జెరాక్సు షాపుకి వెళ్లండి, అన్నీ అతని దగ్గరే ఉంటాయి' అన్నారు లైబ్రేరియన్‌గారు.

వెళ్లాను. ప్రజాస్వామ్యం, పంచాయతీ, రొయ్యల చెరువులు, డ్వాక్రా అన్నీ కంప్యూటర్‌లో వరసగా ఉన్నాయి. నాకేం కావాలో చెప్పాను. అతను స్టూలు ముందుకు లాక్కుని, కీబోర్డు మీద వేళ్లు పెట్టి అడిగాడు:

"ఏ ఊరు పెట్టమంటారండీ?"