మెడ విరిగిన మనిషిని లేపి కూర్చోబెట్టొద్దు

జనగామ, వరంగల్, కరీంనగర్ పల్లెల్లో గీత కార్మికుడు తాటిచెట్టు మీంచి పడ్డాడంటే చుట్టుపక్కల పొలాల వాళ్లంతా ఉరికొస్తారు. 'లేపుర్రి, కూసోబెట్టుర్రి, నీళ్లు తాపుర్రి' అంటారు. చంకల్లో చేతులేసి ఎత్తి, ఆటోలో ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని దవాఖానకు తీసుకుపోతారు. వాళ్ల ఆరాటాన్ని తప్పుపట్టలేం. కానీ మెడకు దెబ్బ తగిలిన మనిషికి ఆ ఎత్తడమే ప్రమాదం.

మెడలో ఏడు వెన్నుపూసలుంటాయి. వాటి లోపలి నుంచే వెన్నుపాము దిగుతుంది. పూస విరగడం వేరు, వెన్నుపాము నలగడం వేరు. పూస విరిగినా కాళ్లూచేతులూ ఆడించేవాళ్లు ఉంటారు. అలాంటి మనిషి తల వాలిపోయేలా ఎత్తితే, విరిగిన ముక్క జరిగి వెన్నుపామును నొక్కేయొచ్చు. మెడలోని 3, 4, 5 నరాలు ఊపిరిని నడుపుతాయి. వాటికి పైన వెన్నుపాము తెగితే సొంతంగా ఊపిరి తీసుకోవడం కష్టం. ఆరో నరం దగ్గర దెబ్బతింటే మోచేయి వంగుతుంది గానీ వేళ్లకు పట్టుండదు. నిన్నటిదాకా మోకు బిగించిన చేతులు నీళ్ల గ్లాసు పట్టుకోలేవు.

ముందు ఊపిరి ఆడుతోందా చూడాలి, 108కి ఫోన్ చేయాలి. ఒకరు తల పక్కన మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోవాలి. నీళ్లు తాపొద్దు. అంబులెన్స్ వచ్చేదాకా ఆగలేని పరిస్థితైతే తల, భుజాలు, నడుము, కాళ్లు నలుగురు పట్టుకుని, తల దగ్గరున్న మనిషి మాట మీద ఒక్కసారే తిప్పి, గట్టి చెక్క మీదికి చేర్చాలి. బైకు ప్రమాదమైతే ఊపిరి ఆడుతున్నంతసేపు హెల్మెట్ లాగకూడదు. ఈ పని గీత పారిశ్రామిక సహకార సంఘాల్లో ఒక్క పూటలో నేర్పొచ్చు. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు, చెట్టు మీంచి పడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. మంచి పనే. వాటి వాడకం నేర్పే రోజే ఇదీ నేర్పాలని నా గట్టి అభిప్రాయం.

దవాఖానలో సీటీ స్కాన్‌తో పూస ఎక్కడ విరిగిందో, ఎమ్మారైతో వెన్నుపాము పరిస్థితి ఏంటో తెలుస్తాయి. పూస నిలకడగా ఉంటే గట్టి కాలర్‌తో కొన్ని వారాల్లో అతుక్కుంటుంది. జరిగి ఉంటే ప్లేట్లు, స్క్రూలతో ఆపరేషన్. వెన్నుపాము మీద ఒత్తిడి ఉంటే దాన్ని 24 గంటల్లోపు తీసేస్తే కోలుకునే అవకాశం మెరుగని వైద్యులు చెబుతారు. మెడ పట్టేవాళ్ల దగ్గర, నాటు కట్ల దగ్గర పోయే సమయం ఈ గడువులోంచే పోతుంది. అయితే ఆపరేషన్ ఎముకను నిలబెడుతుంది, ఒత్తిడి తీస్తుంది. చచ్చిపోయిన వెన్నుపామును బతికించలేదు.

అసలు బరువు డిశ్చార్జి తర్వాత ఇంటి మీద పడుతుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే స్పర్శ లేని ఒంటికి పుండ్లు పడతాయి. మూత్రం పైపు దగ్గర శుభ్రత తప్పితే ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పోతుంది. ఇవన్నీ భార్యో తల్లో చేస్తుంది, చాలాసార్లు ఎవరూ నేర్పకుండానే. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. ఆ తర్వాత నెలల తరబడి చేయించాల్సిన ఫిజియోథెరపీ మండల కేంద్రంలో దొరకాలి, ఆ ఇల్లాలికి పక్కకు తిప్పడం, పైపు శుభ్రం చేయడం వార్డులోనే నేర్పి పంపాలి.