సూర్యుడికి ఇంటిపేరు కావాలట

కేంద్రక సంలీన విద్యుత్తు, అనగా ఫ్యూజన్ కరెంటు, దాని నియంత్రణ గురించి మాట్లాడే అర్హత నాకు పుష్కలంగా ఉందని ముందే మనవి చేసుకుంటున్నాను. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారేటప్పుడు వెలువడే శక్తితో నడిచే కర్మాగారం ఒకటి ఇప్పటికే పనిచేస్తోంది. దానికీ బెజవాడలోని మా డాబాకూ మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలేలా అది మా ఊరి మీద కుమ్మరించే సరుకులో మూడు కిలోవాట్లు పట్టుకుని ఫ్యాన్లు తిప్పుకుంటానని, పేరు చెప్పనక్కర్లేని ఒక కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకున్నాను. దస్తావేజులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క పొడి అక్షరమే ఉన్నందున, ఆ డాబా మీద పడే ఎండ నాది కాదని వారు తేల్చారు.

తిరిగొచ్చిన ఆ కాగితం చేతిలో ఉండగానే అమెరికా వారి నిర్వాకం చదివి ఒళ్లు మండింది. మనిషి చేసిన ఫ్యూజన్ కరెంటుతో ప్రపంచంలో ఒక్క ఇంట్లోనూ ఇంతవరకు బల్బు వెలగలేదు. కాలిఫోర్నియాలోని ప్రయోగశాలలో 2022 డిసెంబరు 5న లేజర్లతో 2.05 మెగాజౌళ్ల శక్తిని గురిపెట్టి 3.15 మెగాజౌళ్లు రాబట్టారు. ఆ లేజర్లను నడపడానికి లాగిన కరెంటు మాత్రం సుమారు 300 మెగాజౌళ్లు. అంతమాత్రానికే అక్కడి అణు నియంత్రణ సంఘం 2023 ఏప్రిల్‌లో, ఈ యంత్రాలను యురేనియం రియాక్టర్లతో ఒకే గాటన కట్టరాదని, కణ త్వరణ యంత్రాలకు వర్తించే తరహా నిబంధనలు చాలునని నిశ్చయించేసింది. బ్రిటన్ కూడా అదే ఏడాది చట్టం చేసి, వీటికి అణు స్థల లైసెన్సు అక్కర్లేదని చెప్పింది. ఇందులో గొలుసు చర్య లేదట, ప్లాస్మా అనే ఆ మహావేడి వాయువు కాస్త చెదిరితే తనంతట తానే చల్లారుతుందట, కనిపెట్టుకుని ఉండవలసింది ఇంధనంగా వాడే రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రిటియాన్నీ, న్యూట్రాన్ల తాకిడికి రేడియోధార్మికమయ్యే గోడలనూ అట. ప్రమాదాన్ని ముందే కొలిచి ఆ కొలతకు సరిపడా నిబంధన కుట్టించడమనే ఈ దుస్సంప్రదాయం మన పాలనా వ్యవస్థకు ఎంతటి అప్రతిష్ఠ!

ఫ్యూజన్ కంపెనీ మనిషి ఒకడు వరుసలో నా వెనకే నిలబడ్డాడనుకోండి.

"వేడి ఎంతన్నారు?"

"15 కోట్ల డిగ్రీలండీ."

"మరి అగ్నిమాపక శాఖ వారి నిరభ్యంతర పత్రమేదీ? ఇసుక బకెట్లు ఎన్ని వేలాడదీశారు?"

"ఆ మంట దేనికీ తగలదండీ, అయస్కాంత క్షేత్రంలో తేలుతూ ఉంటుంది."

"నేలకు తగలకపోతే ఇంటిపన్ను దేనిమీద వేయాలయ్యా? సరే, ఇంధనం?"

"డ్యుటీరియమనే బరువు హైడ్రోజనండీ, సముద్రపు నీటిలో ఉంటుంది."

"సముద్రమైతే మత్స్యశాఖ. బందరు వెళ్లండి."

"ట్రిటియం కూడా కావాలండీ. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు, అంటే అన్నేళ్లకోసారి సగం తరిగిపోతుంది."

గుమాస్తాగారి ముఖం అప్పుడు విప్పారుతుంది. ఫైలు పక్క బల్ల చేరేసరికి సగం పోతుంది, ఆ పై బల్లకు మిగిలినదానిలో సగం పోతుంది, సంతకమయ్యేనాటికి ప్రమాదమే మిగలదు. ఇంతకంటె పటిష్ఠమైన నియంత్రణ ఏ దేశంలో ఉందో చూపమంటారు.

(ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే అంతర్జాతీయ ఫ్యూజన్ యంత్రానికి 3,850 టన్నుల ఉక్కు కవచాన్ని గుజరాత్‌లోని హజీరాలో తయారుచేసి పంపినవారు మనవాళ్లే. చేతకానిది ఇంజనీర్లకు కాదు.)

ఇక రెగ్యులేటర్ అనే మాట. మా ఊళ్లో దానికి రెండర్థాలుండేవి: ఒకటి ఫ్యానుది, ఒకటి గ్యాసు బండది. 2024 సెప్టెంబరు 1 నాటి వరద తరువాత మూడోది చిన్నపిల్లలకు కూడా తెలిసింది, అది వెలగలేరు దగ్గర బుడమేరు మీద నీటిని అదుపు చేసే గేట్ల కట్టడం. ఆ ఏరు 2005లోనే ఒకసారి ఊళ్లోకి వచ్చి చూపించింది. ఆ తరువాత పంతొమ్మిదేళ్లు గడువిచ్చింది, పంతొమ్మిదేళ్లు! ఇంకా పుట్టని యంత్రానికి అక్కడ కూర్చుని నిబంధనలు రాసుకుంటుంటే, కళ్లెదుట పారే ఏటి కట్టను పటిష్ఠం చేయడానికి ఇక్కడ ఏ ప్రభుత్వానికీ తీరిక చిక్కలేదు. మూడు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్‌లో మనుషులు పసిపిల్లల్ని చంకనేసుకుని, తాగడానికి గుక్కెడు నీళ్లు లేక, చుట్టూ నీళ్లు చూస్తూ డాబాల మీద పడిగాపులు పడ్డారు. బురద ఆరాక లెక్కలు రాసుకోవడానికి మాత్రం కాగితాలకు కొదవ రాలేదు. సిగ్గుండాలి. రేపు ఏ ఫ్యూజన్ కంపెనీయో కృష్ణ ఒడ్డున స్థలం అడిగితే దాని గోడల్లోని న్యూట్రాన్లను లెక్కపెట్టేది వీళ్లేనా?

నా పొడి అక్షరాల సంగతి మొన్న పరిష్కారమైంది. ఈసారి అభ్యంతరం, డాబా నక్షాలో తూర్పు ఎటో చూపలేదని. సూర్యుడు ఏ వైపున ఉదయిస్తాడో తెల్లకాగితం మీద రాసి, గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేసుకుని, సోమవారం మళ్లీ వెళ్తున్నాను.