సింగిల్ కోట్స్ పెడితే అన్ని సిస్టమ్స్‌లో ఒకేలా నడుస్తుందా?

"ఎన్‌పీఎం స్క్రిప్టుల్లో ఫైల్ ప్యాటర్న్‌ను సింగిల్ కోట్స్‌లో పెట్టండి. షెల్ దాని జోలికి రాదు, ప్రోగ్రామే చూసుకుంటుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ ఒకే ఫలితం వస్తుంది." డెవలపర్ల మధ్య బాగా తిరుగుతున్న సలహా ఇది. (ఎన్‌పీఎం అంటే జావాస్క్రిప్ట్ ప్యాకేజీ మేనేజర్, ఫైల్ ప్యాటర్న్ అంటే స్టార్ గుర్తులతో చాలా ఫైళ్లను ఒకేసారి సూచించే రాత, షెల్ అంటే మనమిచ్చే కమాండ్లను నడిపే ప్రోగ్రామ్.) ఇందులో కోట్స్ కావాలన్న మాట ఒక్కటే నిజం.

అదెందుకు నిజమో ముందు చూద్దాం. ఎస్ఆర్‌సీ/**/*.జేఎస్ అని కోట్స్ లేకుండా రాస్తే, లినక్స్‌లో ఎన్‌పీఎం దాన్ని ఎస్‌హెచ్ అనే షెల్‌కి ఇస్తుంది. ఉబుంటులో ఎస్‌హెచ్ అంటే డాష్. రెండు స్టార్లంటే ఎన్ని ఫోల్డర్ల లోపలున్నా అని అర్థం, కానీ డాష్‌కి రెండు స్టార్లన్నా ఒక స్టారన్నా ఒకటే. కాబట్టి సరిగ్గా ఒక ఫోల్డర్ లోపల ఉన్న ఫైళ్లే దొరుకుతాయి. ఎస్ఆర్‌సీలో నేరుగా ఉన్నవీ, రెండు ఫోల్డర్ల లోపల ఉన్నవీ తప్పిపోతాయి. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఏ ఫైలూ దొరక్కపోతే డాష్ ఆ ప్యాటర్న్‌ను ఉన్నదున్నట్టే ప్రోగ్రామ్‌కి పంపేస్తుంది, ఈఎస్‌లింట్ (కోడ్‌లో తప్పులు వెతికే ప్రోగ్రామ్) లాంటిదైతే దాన్ని తనే సరిగ్గా ఎక్స్‌పాండ్ చేసుకుంటుంది, అంటే ఫైళ్ల జాబితాగా మార్చుకుంటుంది. అంటే సబ్‌ఫోల్డర్లు లేనంతకాలం అంతా బాగానే ఉంటుంది. ఎవరో ఒక సబ్‌ఫోల్డర్‌లో ఒక్క ఫైల్ పెడతారు, ఆ రోజు నుంచి లింట్ ఆ ఒక్క ఫైల్‌నే చూస్తుంది. ఎర్రర్ రాదు, బిల్డ్ పచ్చగానే ఉంటుంది.

ఇక "సింగిల్ కోట్స్ విండోస్‌లోనూ చెల్లుతాయి" అన్న మాట. చెల్లవు. విండోస్‌లో ఎన్‌పీఎం డీఫాల్ట్‌గా స్క్రిప్టును సీఎండీతో, అంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌తో నడుపుతుంది. సీఎండీకి సింగిల్ కోట్ మామూలు అక్షరమే, అది కూడా ప్యాటర్న్‌లో భాగంగా ప్రోగ్రామ్‌కి వెళ్తుంది. ఆ పేరుతో ఫైళ్లేవీ లేవని ఎర్రర్ వస్తుంది. "నా విండోస్‌లో నడిచింది" అనేవాళ్లు సాధారణంగా గిట్ బాష్‌లోనో పవర్‌షెల్‌లోనో చేత్తో టైప్ చేసి చూసినవాళ్లు; ఆ రెండూ సింగిల్ కోట్స్‌ను గుర్తిస్తాయి. స్క్రిప్టులు ఉండే ప్యాకేజ్ జేసన్ ఫైల్‌లో రాయాల్సింది బ్యాక్‌స్లాష్‌తో ఎస్కేప్ చేసిన డబుల్ కోట్స్: \"ఎస్ఆర్‌సీ/**/*.జేఎస్\".

"ప్రోగ్రామే చూసుకుంటుంది" అన్నదీ అన్నిటికీ వర్తించదు. ఈఎస్‌లింట్, కోడ్‌ను తీర్చిదిద్దే ప్రెటియర్, టెస్టులు నడిపే మోకా చూసుకుంటాయి. ఫైళ్లను తొలగించే లినక్స్ ఆర్ఎం కమాండ్ చూసుకోదు: "*.లాగ్" అని కోట్స్‌లో ఇస్తే, పేరులోనే స్టార్ ఉన్న ఫైల్ కోసం వెతుకుతుంది. ఫైళ్లను తొలగించే ఎన్‌పీఎం ప్యాకేజీ రిమ్‌రాఫ్ కూడా 4వ వర్షన్ నుంచి డీఫాల్ట్‌గా ప్యాటర్న్‌లను ఎక్స్‌పాండ్ చేయడం మానేసింది. పాత స్క్రిప్టులు చాలా అక్కడే విరిగాయి.

కోట్స్‌తో అసలు సంబంధమే లేని తేడాలూ ఉన్నాయి. ఫోల్డర్, ఫైల్ పేర్లను కలిపే పాత్ జాయిన్ ఫంక్షన్‌తో ప్యాటర్న్ కడితే విండోస్‌లో బ్యాక్‌స్లాష్‌లు వస్తాయి. ప్యాటర్న్‌లను ఎక్స్‌పాండ్ చేసే గ్లాబ్ లైబ్రరీలు చాలావరకు వాటిని ఎస్కేప్ గుర్తుగా చదువుతాయి, ఏమీ దొరకదు. ప్యాటర్న్‌లో ఎప్పుడూ ఫార్వర్డ్ స్లాషే వాడాలి. మ్యాక్ ఫైల్ సిస్టమ్ డీఫాల్ట్‌గా పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూడదు, కానీ అదే మ్యాక్‌లో బాష్ *.జేపీజీని చిన్నక్షరాల్లో వెతికితే పెద్దక్షరాల ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫైల్ దొరకదు. ఫైళ్ల జాబితా చూపే విండోస్ డిర్ కమాండ్‌కి *.* అంటే చుక్క లేని పేర్లతో సహా అన్నీ. యునిక్స్ షెల్‌కి చుక్క ఉన్నవే.

మీ స్క్రిప్టు ఎలా ఉందో తేల్చుకోవడానికి మూడు ఫైళ్లు చాలు: ఎస్ఆర్‌సీలో నేరుగా ఒకటి, ఒక ఫోల్డర్ లోపల ఒకటి, రెండు ఫోల్డర్ల లోపల ఒకటి. మూడింటిలోనూ కావాలని ఒక్కో లింట్ తప్పు పెట్టి, ఉబుంటులోనూ విండోస్‌లోనూ ఎన్‌పీఎం రన్‌తోనే నడపండి. 3 తప్పులు చూపించాలి. 1 చూపిస్తే ప్యాటర్న్‌ను షెల్ ముందే మింగేసింది. ఫైళ్లే లేవంటే ఎర్రర్‌లో ప్యాటర్న్ పక్కన సింగిల్ కోట్ ఉందేమో చూడండి.